ఎడమ ముందు టైరు

ఆ ఎండాకాలం మా బండి ఎడమ ముందు టైరు మళ్ళీ పోయింది.

టైరన్నాక అరుగుతుంది, అందులో వింత లేదు. కానీ మిగతా మూడూ నిండుగా ఉండగా అదొక్కటే, అదీ లోపలివైపు అంచు మాత్రమే, చాకుతో చెక్కినట్టు అరిగిపోయింది. పక్కన నిలబడి చూసేవాళ్ళకు కొత్త టైరులాగే కనిపించేది. వంగి లోపలికి చెయ్యి పోనిస్తే తప్ప అక్కడ గ్రిప్పు మిగల్లేదని, ఇంకొన్నాళ్ళయితే తీగలు తేలతాయని తెలియదు.

బండి నడిపేది మా ఆయన బాబు మియా. ఏడు సీట్ల తెల్ల బండి. కరీంనగర్ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి దుబాయి, మస్కట్ పోయేవాళ్ళను శంషాబాద్ విమానాల దగ్గర దింపడం, వచ్చేవాళ్ళను ఇళ్ళకు చేర్చడం ఆయన పని. పెళ్ళయిన కొత్తలో జీపు నడిపేవాడు. తర్వాత బండ్లు మారాయి గానీ పని మారలేదు. "బాబు మియా బండ్ల కూసుంటె అవ్వ ఒళ్లె కూసున్నట్టె" అని సుల్తానాబాద్ నుంచి శ్రీరాంపూర్ దాకా చెప్పుకునేవాళ్ళు. ఆ మాట ఆయన చెవిన పడ్డ రోజు రెండు రొట్టెలు ఎక్కువ తినేవాడు. ఎదురుగా గానీ వెనక గానీ గ్రానైటు లారీ వస్తే ఆయన పోటీ పడేవాడు కాదు. ఎడమవైపు తారు అంచు దాకా దిగి దారి ఇచ్చేవాడు. "వాని బండ్ల రాళ్లున్నయ్, నా బండ్ల మనుషులున్నరు" అనేవాడు. అన్నేళ్ళలో ఒక్క ప్రమాదం జరగలేదంటే అలా దిగి దారివ్వడం వల్లనే అని ఆయన నమ్మకం. నాదీ అదే నమ్మకం.

నాకు మొదటినుంచీ బండి గేటు దాటడమంటే భయం. నా చిన్నతనంలో మా అన్న పని వెతుక్కుంటూ బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఆ చెయ్యిని మళ్ళీ చూడలేదు. అప్పటినుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా, వాళ్ళతో చివరగా ఏం మాట అన్నానో గుర్తుపెట్టుకోవడం అలవాటయింది. ఆయన బండి తీసే ముందు దువా చదివి అద్దం మీద ఊదేదాన్ని. స్టీరింగు కింది కడ్డీకి ఇమామ్ జామిన్ కట్టాను. అది ప్రయాణం పోయేవాళ్ళ జబ్బకు కట్టే గుడ్డ, లోపల ఒక నాణెం ఉంటుంది. "మనిషికి కడ్తరు గని బండికి కడ్తరా" అని ఆయన నవ్వాడు. విప్పలేదు మాత్రం.

నన్ను కూడా తరచు వెంట తీసుకుపోయేవాడు. కొడుకునో భర్తనో విమానం దగ్గర దింపి ఒంటరిగా తిరిగొచ్చే ఆడవాళ్ళు వెనక సీట్లో కూర్చుని ఏడుస్తారు. "ముంగట కూసున్న మొగోణ్ణి, నేనేం చెప్పాలె వాళ్లకు? నువ్వుంటె పక్కకు కూసుంటవ్" అనేవాడు. పోయేటప్పుడు ముందు సీట్లో ఆయన ఎడమ పక్కన, వచ్చేటప్పుడు వెనక ఆ తల్లి పక్కన, అవీ నా చోట్లు. ఎంతమంది కన్నీళ్ళు నా దుపట్టాలో ఆరాయో చెప్పలేను.

టైరు అరిగిందని తెలిసిన రోజు కూడా నేను బండిలోనే ఉన్నాను. హుజూరాబాద్‌లో ఉన్న మా బిడ్డ హుస్నాను చూడడానికి పోతూ, బైపాస్ రోడ్డులో సాదిక్ షాపు దగ్గర ఆగాం. సాదిక్ ఆయన చెల్లెలి కొడుకు. చక్రాలు సరిచేసే అలైన్‌మెంట్ మిషను పెట్టుకున్నాడు. బండిని పైకి లేపి, టైరు మీద అరచెయ్యి పెట్టి లోపలి నుంచి బయటికి ఒకసారి, బయటి నుంచి లోపలికి ఒకసారి నిమిరాడు.

"మామూ, గిటు నిమిరితె నున్నగున్నది. గటు నిమిరితె చెయ్యి గీసుకపోతున్నది. చక్రం నడుసుడు ముంగటికే నడుస్తున్నది గని మొహం పక్కకు పెట్టుకున్నది."

"నీ పెండ్లాం లెక్కనా?" అన్నాడు ఆయన.

"నా పెండ్లామే నయం. చీర తెస్తె మొహం ఇటు తిప్పుతది. నీ చక్రానికి ఏం తేవాలె? అలైన్‌మెంట్ చేస్తిని. మల్ల తప్పింది. బుష్షులు మారిస్తిని, రాడ్డు మారిస్తిని. టైర్లు ఎన్కయి ముంగటికి తెస్తిని. మంచి టైరును తెచ్చి అక్కడ పెట్టినా గా జాగలనే అరుగుతున్నది."

"గాలేమన్న తక్కువుందా?"

"గాలి తక్కువుంటె రెండు దిక్కుల అంచులు అరుగుతయ్, ఎక్కువుంటె నడిమిట్ల అరుగుతది. గిది ఒక్క అంచే. గాలిది తప్పు గాదు." సాదిక్ చక్రం చుట్టూ వేలు తిప్పి ఒకచోట ఆగాడు. "రిమ్ముకు సొట్టలున్నయ్ సూడు. ఎక్కడ్నో గట్టిగ తగుల్తున్నది మామూ. సక్కగ చేసి పంపినంక పది దినాలకు ఏదో ఒకటి గుద్ది మల్ల వంకర చేస్కస్తున్నవ్."

"రోడ్ల అంచులు కోసుకపోయినయ్‌రా. లారీలకు దిగి దారిస్త గద. గుంతల పడ్తది."

"జర తక్కువ దిగు."

"తక్కువ దిగితె లారీ కింద పడ్త. టైరు పాయె, మనిషి పాయె."

సాదిక్ మళ్ళీ చక్రం సరిచేశాడు. పొద్దున బండి కదలకముందే గాలి చూసుకొమ్మని, గుంతలో గట్టిగా పడ్డ రోజు వెంటనే తెచ్చి చూపించమని చెప్పాడు. టైరు కూడా మార్చి పంపాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే సుల్తానాబాద్ కిరాయి వచ్చింది.

సుల్తానాబాద్‌లో భూమవ్వ అని ఒకామె ఉంది. భర్త లేడు. కొడుకు ముత్యం దుబాయిలో పనిచేస్తాడు. వాడు వచ్చినప్పుడల్లా, పోయినప్పుడల్లా మా బండే. సెలవు అయిపోయి ఆ రోజు వాడు తిరిగి పోతున్నాడు. తెల్లవారి మేం పోయేసరికి మామిడికాయ తొక్కు డబ్బా, సకినాల సంచి కట్టిపెట్టి ఉన్నాయి. అట్టపెట్టెకు తాళ్ళు చుట్టి, పెద్ద అక్షరాలతో ముత్యం పేరు రాశారు. అన్నీ పైకెక్కించి కట్టాక ఆయన వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముత్యం మధ్య సీట్లో కూర్చున్నాడు. నేను ముందు, ఎడమ పక్కన.

దూరం పోయే బండి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. అక్కడ అందరూ చేసేదే. భూమవ్వ కుడి చక్రం కింద ముందే పెట్టింది. రెండోది ఇంట్లో మరిచిపోయి, దానికోసం లోపలికి పోయింది. నిమ్మకాయ పట్టుకుని గడప దిగి, మా ఎడమవైపు నుంచి, నా కిటికీ ముందు నుంచే నడిచి వచ్చింది. నన్ను చూసి నవ్వింది కూడా. తర్వాత ఎడమ చక్రం దగ్గర వంగింది.

బండి కదిలింది.

నేను ఏం అరిచానో తెలియదు. రెండు చేతులతో చేతిబ్రేకు పట్టి లాగాను. బండి ఒక్క ఊపు ఊగి ఆగింది. ముత్యం తలుపు తీసుకుని దూకాడు. భూమవ్వ కింద కూర్చుండిపోయి ఉంది. ఆమె కొంగు టైరు కింద చిక్కుకుంది. చెయ్యి, కాలు అన్నీ బాగానే ఉన్నాయి.

"ఏం బాబన్నా, నిమ్మకాయను తొక్కమంటె నన్నే తొక్కవడ్తివి" అంది కొంగు లాక్కుంటూ.

"కింద వంగినోళ్లు నాకెట్ల కనవడ్తరవ్వా. జర చెప్పి వంగాలె గద" అన్నాడు ఆయన.

"నువ్వు టైరు కింద పడ్డవంటె నేను దుబాయి పోకుంట ఆగుత అనుకున్నవా అవ్వా?" అన్నాడు ముత్యం. తల్లి మోచేతికి అంటిన మట్టి దులుపుతున్నాడు.

"ఆగుతనంటె చెప్పు, ఇంకోపారి వంగుత" అంది ఆమె.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వంగిన మనిషి కనపడకపోవడం నిజమే. కానీ ఆమె వంగకముందు నడిచింది. పసుపు రంగు చీర కట్టుకుని, పట్టపగలు, నా కిటికీ ముందు నుంచి నడిచింది. ఆయన అటే చూస్తున్నాడని నేను అనుకున్నాను. ఆయన కళ్ళకు మాత్రం ఆమె లేదు.

భూమవ్వ వచ్చి కొడుకు పక్కన కూర్చుంది, బండి సాగింది. ఒక్కొక్కటీ గుర్తురావడం మొదలైంది. ఆయన ఎడమ పక్కన పెట్టిన చాయ గ్లాసు వారం వారం పగులుతూ వచ్చింది. నేను ఆయన చేతులు ముసలివయ్యాయనుకున్నాను. ఎదురింటి సదానందం, దారిలో చెయ్యెత్తినా బాబన్న పలకడం లేదు, ఏం తప్పు చేశానని నన్ను అడిగాడు. ఆయనకు చెవులు మందగించాయని సర్దిచెప్పాను. తలుపు ఎడమ రెక్కకు భుజం కొట్టుకుంటే, తలుపును తిట్టాను. ఇన్ని తెలిసినా అవన్నీ కలిపి చూడలేదు.

అప్పటినుంచి నేను మాట్లాడడం మొదలుపెట్టాను. "అగో, బర్లు వస్తున్నయ్ ఈ దిక్కుకెల్లి." "సైకిలాయన గొడుగు పెట్టుకున్నడు సూడుండ్రి." "ఆ పోరి ఎంత మంచిగ నడుస్తున్నది, మనకు దగ్గర్నే ఉన్నది." ఎడమవైపు ఏది వచ్చినా దాని గురించి ఏదో ఒక మాట అన్నాను.

"ఏందివ్వాల, బర్లను గూడ ఇడిసిపెడ్తలేవ్" అన్నాడు ఆయన.

"ఊకె కూసుంటె నిద్రొస్తది మీకు."

"నాకెప్పుడొచ్చింది నిద్ర?"

సిద్దిపేట దాటకముందు చాయకని ఒక హోటలు దగ్గర ఆపబోయాడు. ఎడమవైపు సిమెంటు గట్టు ఉంది. తెల్లసున్నం వేసిన గట్టు. నేను చెప్పేలోపే చక్రం దానికి దబ్బున తగిలి, ఎక్కి, దిగింది.

"రోడ్డు సక్కగ లేదు" అన్నాడు.

రోడ్డు చక్కగానే ఉంది. సాదిక్ వెతుకుతున్న దెబ్బ ఇదేనని నాకు తెలిసిపోయింది.

శంషాబాద్‌లో టికెట్టు ఉన్నవాళ్ళనే అద్దాల తలుపు లోపలికి పోనిస్తారు. ముత్యం తలుపు ముందు వంగి పాత చెప్పులు విప్పి, సంచిలోంచి బూట్లు తీసి వేసుకున్నాడు. చెప్పులు తల్లి చేతికిచ్చాడు. "ఇంట్ల పెట్టవ్వా, వచ్చినంక తొడుక్కుంట" అన్నాడు. ఆమె వాటిని రొమ్ముకు పట్టుకుని, వాడు లోపల మలుపు తిరిగే దాకా నిలబడింది. మలుపు తిరిగాక కూడా చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు.

తిరుగుదారిలో నేను వెనక కూర్చోవాలి. ఆమె నాకోసం పక్కకు జరిగి చోటు చేసింది. నేను ముందు తలుపు తీశాను.

"ఇవ్వాల నా పక్కకు రావా అక్కా?" అంది.

"కడుపుల తిప్పుతున్నది భూమవ్వా. ముంగట కూసుంట" అన్నాను.

దారి పొడవునా ఆమె ఒక్కతే వెనక ఏడ్చింది. నేను ఎడమవైపు రోడ్డును చూస్తూ కూర్చున్నాను. నాలుక ఆరిపోయే దాకా ఆయనకు సైకిళ్ళ గురించి, మేకల గురించి చెబుతూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆయన మంచం మీద కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి, గేటు వైపే చూడమన్నాను. తర్వాత ఎడమ పక్కకు పోయి, చెవి దగ్గర నుంచి నా చెయ్యిని మెల్లగా ముందుకు జరిపాను. కనపడినప్పుడు చెప్పమన్నాను. చెయ్యి ముక్కుకు దగ్గరగా వచ్చే దాకా ఆయన ఏమీ అనలేదు.

"గింత దగ్గర పెడ్తె కనవడకుంట ఎట్లుంటది" అన్నాడు అప్పుడు.

నేను ఎక్కడి నుంచి జరుపుతూ వచ్చానో చెప్పాను. భూమవ్వ నడిచి రావడం చెప్పాను. చక్రం గట్టుకు తగలడం చెప్పాను. ఆయన కోపంతో లేచి, నేను పిరికిదాన్ననీ, నా భయమంతా తెచ్చి ఆయన కళ్ళల్లో పోస్తున్నాననీ అన్నాడు. నా నోరు మూయించడానికే కళ్ళ దవాఖానకు వచ్చాడు.

అక్కడ గోడ మీద తెలుగులో రాసి ఉంది. ఆయనను లోపలికి తీసుకుపోయాక కూడబలుక్కుని చదివాను. నీటికాసులు అనే జబ్బు ఉందట. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్క చూపు ముందు పోతుంది. ఎదుటి చూపు చివరిదాకా ఉంటుంది కాబట్టి పోయినట్టు మనిషికి తెలియదు. ఆ ఆఖరి మాటను మళ్ళీ చదివాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మంచిగా మాట్లాడింది. ఎడమ కంటికి నడిమిట్ల కొంచెం చూపే మిగిలిందని, కుడి కంటికి కూడా మొదలైందని చెప్పింది. పోయింది రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి రోజూ చుక్కలు వేసుకోవాలి. బండి నడపొద్దు.

ఇంటికి వచ్చాక ఆయన మొదలుపెట్టాడు.

"గోడ మీద అక్షరాలు ఆఖరు గీత దాక సదివిన. గుడ్డోడు సదువుతడా?"

"గుడ్డి అని ఎవలన్నరు?"

"గా డబ్బాల తల పెట్టమన్నరు. దీపాలు మెరుస్తయట, కనవడితె మీట నొక్కాలెనట. కుడి దిక్కు మెరిసినయి, నొక్కిన. ఎడమ దిక్కు దీపాలే ఎయ్యలే. మిషను కరాబున్నది."

ఆయన గేటు దగ్గరికి పోయి బండి చుట్టూ తిరిగాడు. తిరిగి వచ్చి నా ముందు కూర్చున్నాడు. మొహంలో కోపం లేదు. బేరం ఆడే మనిషిలా ఉన్నాడు.

"మక్సూదా, ఇను. డాక్టరు మాట నేన్నమ్మ. నీ మాట నమ్మ. టైరు మాట నమ్ముత. ముంగట రెండు కొత్త టైర్లు ఏపిస్త. సాదిక్ సక్కగ చేస్తడు. వానకాలం ఎల్లేదాక బండి కరుణాకర్ నడుపుతడు. గా ఎడమ టైరు గట్లనే అరిగిందనుకో, తప్పు బండిదే, నా కండ్లది గాదు. అప్పుడు తాళం నాకియ్యాలె. నువ్వు నోరు తెరవద్దు."

"అరగకపోతె?"

"అరగకపోతె ఇగ మాట్లాడేది ఏమున్నది" అన్నాడు.

కరుణాకర్ మా గల్లీ పిల్లవాడే. పిల్లవాడంటే ఇద్దరు బిడ్డల తండ్రి. బండి నడపడం ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. తాళం ఇచ్చిన రోజు వాడు ఆయన కాళ్ళు మొక్కబోతే ఆయన వెనక్కి జరిగాడు. "నాకేం గాలేరా. ఒక వానకాలమే" అన్నాడు.

ఆ వానాకాలం మా ఇంట్లో గోడలు కూడా ఎదురుచూశాయి. కిరాయిలు వస్తే ఆయన ఫోనెత్తి మాట్లాడి కరుణాకర్‌కు చెప్పేవాడు. ఎక్కడ ఆపాలో, ఏ ఊళ్ళో గేదెలు అడ్డం వస్తాయో, లారీ వస్తే ఎంత దిగాలో, అన్నీ చెప్పేవాడు. తల్లులకు తోడు పొమ్మని నన్ను ఎప్పటిలాగే పంపేవాడు. అప్పుడు గేటు దగ్గర ఆయన నిలబడేవాడు, నేను బండిలో ఉండేదాన్ని. ఇన్నేళ్ళూ నేను నిలబడ్డ చోటు అది. బండి కదిలాక ఆయన చెయ్యి ఎత్తేవాడు. కానీ ఆ చెయ్యి మాకు కొంచెం కుడిగా, ఖాళీ రోడ్డుకు ఊపేవాడు. నేను అద్దంలోంచి అది చూసి కళ్ళు మూసుకునేదాన్ని.

టైరును మాత్రం ఆయన ముట్టలేదు. గడువు అయ్యేదాకా చూడనని పట్టు పట్టాడు. నేను చూసేదాన్ని. బట్టలు ఆరేసే వంకతో బండి పక్కన కూర్చుని, లోపలికి చెయ్యి పోనిచ్చి తడిమేదాన్ని. కొత్త రబ్బరు, వేలికి గట్టిగా తగిలేది. ఒకరోజు, యా అల్లా, కొంచెం అరగనీ అని అడిగాను. అడిగిన వెంటనే భూమవ్వ కొంగు గుర్తొచ్చింది. అడిగినదాన్ని వెనక్కి తీసుకుంటున్నానని కూడా అల్లాకే చెప్పాను. అల్లాకు నా వల్ల ఎంత చికాకో.

కరుణాకర్ ఒకసారి నన్ను అలా వంగి ఉండగా చూశాడు. వాడికి ఆ పందెం సంగతి తెలుసు.

"చాచీ" అన్నాడు మెల్లగా. "మీరు ఊ అంటె రెండు గుంతలల్ల దించుత. గట్టుకు ఓ దెబ్బ కొడ్త. చాచా గిట్ల గేటు కాడ కూసునుడు నేను సూడలేకపోతున్న."

ఇంట్లోంచి ఆయన దగ్గు వినిపించింది. ఊ అంటే ఆయన మళ్ళీ ఆ సీట్లో కూర్చుంటాడు. రెండు రొట్టెలు ఎక్కువ తింటాడు. ఎడమ పక్కన నేనుంటాను, బర్రెల గురించి చెబుతాను. నేను లేని రోజు? నాకు జ్వరం వచ్చిన రోజు? ఏ తల్లో నిమ్మకాయ పట్టుకుని వంగిన రోజు?

"వద్దు బిడ్డా" అన్నాను. "ఎట్ల నడుపుతున్నవో గట్లనే నడుపు."

వాడు తల ఊపి పోయాడు. ఆ మధ్యాహ్నం నేను ఆయన మొహం చూడలేక, కళ్ళలో చుక్కలు వేస్తూ కూడా సీసానే చూశాను.

వానలు వెనకబట్టాక ఒక ఉదయం ఆయన తానే అన్నాడు, సాదిక్ దగ్గరికి పోదామని. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పండక్కి పోతున్నట్టు పోయాం. కరుణాకర్ నడిపాడు, ఆయన మధ్య సీట్లో కూర్చున్నాడు.

సాదిక్ జాకీ పెట్టి ఎడమ ముందు చక్రం విప్పి, దొర్లించుకుంటూ తెచ్చి ఆయన ముందు నిలబెట్టాడు. ముందే చూశాడని వాడి మొహమే చెప్పింది. ఆయన చిన్న స్టూలు మీద కూర్చుని, కళ్ళతో చూడకుండా, అరచెయ్యి పెట్టాడు. లోపలి అంచు నుంచి బయటికి నిమిరాడు. బయటి నుంచి లోపలికి నిమిరాడు. చక్రాన్ని కొంచెం తిప్పి మళ్ళీ నిమిరాడు. చుట్టూ అంతా అలాగే చూశాడు. ఎక్కడో ఒకచోట గరుకు దొరుకుతుందని వెతుకుతున్నట్టు ఆ చెయ్యి మెల్లగా పోయింది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"మంచిగ అరిగింది" అన్నాడు చివరికి. "సమంగ అరిగింది."

"మామూ" అన్నాడు సాదిక్.

"ఎన్కయి ముంగటికి, ముంగటియి ఎన్కకు మార్చు. స్టెప్నీని గూడ వంతుల కలుపు, ఊకె ఎండుతున్నది. గాలి నింపు." ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. చేతికంటిన నల్లటి మరకను ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఇస్త్రీ ప్యాంటు అది. "బుష్షులు మార్చి నీకు తిప్పలు పెట్టినర సాదిక్. నీ పని మంచిదే. బండి గూడ మంచిదే."

సాదిక్ మొహం తిప్పుకుని పానా కోసం వెతికాడు. అది వాడి చేతిలోనే ఉంది.

నేను పోయి ఆయన ఎడమ భుజం మీద చెయ్యి వేశాను. ఉలిక్కిపడ్డాడు. నేను వచ్చినట్టు చూడలేదు.

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?" అని అడిగాడు.

"సుల్తానాబాద్ నుంచి."

"నేన్నడుపుతుంటె భయమయ్యిందా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "అయ్యింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఎక్కినోళ్లకెవరికన్న అయ్యిందంటవా?"

"లేదు. ఎవలకు తెల్వదు. అందరు నిద్రపోయేటోళ్లు మీ బండ్ల."

అది విని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చేతి మసి చెంపకు అంటింది. నేను దుపట్టా కొసతో తుడవబోతే, ఉండనియ్యమన్నట్టు నా చెయ్యి పట్టుకున్నాడు.

సాదిక్ చక్రాలు బిగిస్తున్నాడు. అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. ఎవరో హుజూరాబాద్ నుంచి, పేరు తిరుమల అట. మస్కట్ పోవాలట. కొత్తమనిషి గట్టిగా మాట్లాడుతున్నాడు, నాకూ వినిపించింది.

"బాబు మియా బండేనా?"

"బండి గదే" అన్నాడు ఆయన. "నడిపేది కరుణాకర్. మంచోడు. వాడు నడిపితె టైర్లు సమంగ అరుగుతయ్, ఫికర్ చెయ్యకు."

అవతలి మనిషికి టైర్ల సంగతి అర్థం కాలేదనుకుంటాను, ఏదో అడిగాడు. ఆయన దాన్ని దాటేసి, ఏ తారీకు, ఎన్ని గంటలకు, తల్లి గానీ భార్య గానీ వెంట వస్తుందా అని అడిగి, ఫోనును కరుణాకర్ చేతికి ఇచ్చాడు.